మనాదికి గోలీలు, కీళ్లకు చైనా మూలికలు: రెండూ కలిపే ముందు చేయాల్సిన పనులు

పోయిన దసరాకు దుబాయ్ నుంచి వచ్చిన మా తమ్ముడు, అంటే కోరుట్ల వైపు ఉండే మా చిన్నమ్మ కొడుకు, సూట్‌కేసులోంచి ఒక ఎర్ర డబ్బా తీసి వాళ్లమ్మ చేతిలో పెట్టాడు. పైన అన్నీ చైనా అక్షరాలే. లోపల సీసాలో జొన్న గింజలంత నల్లటి మాత్రలు, వాసన చూస్తే కాలిన బెల్లంలా ఉంది. "డిప్రెషన్ ఉన్నవాళ్లు ఇది తింటే కీళ్లవాతం రాదంట, తైవాన్‌లో రీసెర్చ్ చేశారు" అని ఫోన్‌లో మెసేజ్ కూడా చూపించాడు. చిన్నమ్మ నన్ను చూసింది. హన్మకొండలో మందుల షాపు కౌంటర్ వెనక 14 ఏళ్లుగా నిలబడుతున్నాను కాబట్టి ఇంట్లో ఏ గోలీ వచ్చినా చివరికి నా మొహమే చూస్తారు.

నేను డాక్టర్‌ను కాను, ఫార్మసిస్ట్‌ను. ఆ డబ్బా చిన్నమ్మ నోట్లోకి వెళ్లకముందు ఏమేం చేశామో, మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే ఏం చేయాలో చెబుతాను.

చిన్నమ్మ సంగతి కొంచెం తెలియాలి. బాబాయి పోయాక మనాది పెట్టుకుంది, తిండి లేదు, నిద్ర లేదు, గోడవైపు తిరిగి పడుకునేది. కరీంనగర్‌లో మానసిక డాక్టర్‌కు చూపించాక ఎస్సిటాలోప్రామ్ రాశారు, రెండు నెలల్లో మనిషి లేచింది, మళ్లీ బీడీల చాట ముందేసుకుంది. ఈ మందు ఆపకుండా వాడుతున్న సమయంలోనే వేళ్లు మొదలయ్యాయి. బీడీలు చేసే ఇళ్లలో తునికాకు రాత్రి నానబెట్టి పొద్దున్నే కత్తిరిస్తారు. "పొద్దుగాల కత్తెర పట్టరాదు బిడ్డా, పది గొట్టినంక జర సాఫైతది" అంది. గాజులు మార్చుకుందామంటే పిడికిలి దాటడం లేదు, రెండు చేతులకీ అంతే. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు కదా, అరిగిపోయి ఉంటాయని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను, ఒప్పుకోవాలి.

ముందు నొప్పి ఏ రకమో చూడండి

మన దగ్గర మోకాలు నొప్పైనా వేలు నొప్పైనా "వాతం" అనేస్తాం. కానీ అరుగుదల వేరు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. అరుగుదలలో మెట్లెక్కితే, నాట్లేసి వస్తే, సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది, పొద్దున బిగుసుకున్నా పావుగంటలో వదులుతుంది. రుమటాయిడ్ దీనికి ఉల్టా నడుస్తుంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంట, గంట, కొందరికి ఇంకా ఎక్కువసేపు వదలవు, పని చేస్తుంటే నయమనిపిస్తుంది, పిడికిలి కణుపులు, వేళ్ల మధ్య కీళ్లు, మణికట్టు, పాదాల ముందుభాగం రెండు వైపులా వాస్తాయి. ఇది మన ఒంటి రోగనిరోధక శక్తే మన కీళ్ల పొర మీద తిరగబడే జబ్బు, మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఎదుటి మనిషి చేతిని షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకుని, నాలుగు వేళ్ల మొదళ్లలో ఉండే కణుపుల్ని రెండు పక్కలనుంచి మెల్లగా నొక్కండి. చిన్నమ్మ "అమ్మో" అని చేయి లాక్కుంది. అంతమాత్రాన జబ్బు ఖాయం అయిపోదు, చికున్‌గున్యా వచ్చి పోయినవాళ్లకు నెలల తరబడి ఇలాగే ఉంటుంది, థైరాయిడ్ తేడా ఉన్నా ఒళ్లు నొప్పులుంటాయి. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన నొప్పి ఇదేనని తెలుస్తుంది.

ఒక వారం పాటు ఒక పాత నోటుబుక్కులో రెండే రెండు సంగతులు రాయించండి: ఎన్నింటికి లేచారు, వేళ్లు ఎన్నింటికి వదులయ్యాయి. మేము క్యాలెండర్ మీదే రాశాం, తారీఖు కింద "5, 9:30" అని. డిప్రెషన్ మందు వాడేవాళ్లకు ఈ కాగితం మరీ అవసరం, ఎందుకంటే నీరసం, నిద్ర పట్టకపోవడం, ఒళ్లంతా నొప్పులు రెండు జబ్బుల్లోనూ ఉంటాయి, పాత చీటీలో మనసు మందు కనబడగానే "అమ్మా, అంతా టెన్షన్ వల్లే" అని పంపేసే ప్రమాదం ఉంది. చిన్నమ్మకు ఒకచోట అదే జరిగింది, రెండు నెలలు వృథా.

ఆ తైవాన్ మాటలో నిజమెంత

మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు, అదే చిక్కు. తైవాన్‌లో 1995 నుంచి దేశమంతటికీ ఒకే ఆరోగ్య బీమా ఉంది, దాదాపు జనమంతా దాని కిందే, చైనా సంప్రదాయ వైద్యం ఖర్చు కూడా అందులోనే వస్తుంది. కాబట్టి ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ మందు రాశారు అనేది ఏళ్ల తరబడి రికార్డుల్లో ఉంటుంది. ఆ రికార్డులు తిరగేసి అక్కడి పరిశోధకులు డిప్రెషన్ ఉన్నవాళ్లలో చైనా మూలికలు వాడినవాళ్లకు తర్వాత రుమటాయిడ్ తక్కువగా వచ్చినట్టు కనబడిందని రాశారు.

డిప్రెషన్‌కీ రుమటాయిడ్‌కీ సంబంధం ఉండటంలో వింతేమీ లేదు. కీళ్లను వాపెక్కించే ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి పదార్థాలు డిప్రెషన్ ఉన్న కొందరి రక్తంలోనూ ఎక్కువగా కనిపిస్తాయి. బ్రిటన్ రికార్డుల్లో కూడా డిప్రెషన్ ఉన్నవాళ్లకు తర్వాత ఈ జబ్బు వచ్చే అవకాశం మూడో వంతుకు పైగా ఎక్కువని తేలింది. వినడానికి భయమేస్తుంది గానీ, రుమటాయిడ్ అసలు నూటికి ఒకరికి లోపు వచ్చే జబ్బు. వెయ్యి మందిలో ఏడెనిమిది మందికి వచ్చేది పది పదకొండు మందికి వస్తుందనుకోండి. మనాది ఉన్న ప్రతివాళ్లూ చేతులు చూసుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు. బీడీ, సిగరెట్ మానడం ఇంతకంటే పెద్ద విషయం, ఈ జబ్బుకు పొగ గట్టి కారణాల్లో ఒకటి. చిగుళ్ల జబ్బుతోనూ లంకె ఉందంటారు.

ఇక మూలికల దగ్గరికి వస్తే, రికార్డులు తిరగేసి చూసిన లెక్కకూ, సగం మందికి మూలిక, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి చేసిన పరీక్షకూ చాలా తేడా ఉంది. మూలికల డాక్టర్ దగ్గరికి కూడా ఓపిగ్గా తిరిగే మనిషి మామూలుగానే ఒంటి మీద శ్రద్ధ ఉన్న మనిషి అయి ఉండొచ్చు, పొగ తాగని మనిషి అయి ఉండొచ్చు. తగ్గింది మూలిక వల్లనో ఆ శ్రద్ధ వల్లనో రికార్డు చెప్పదు. పైగా అక్కడివాళ్లు తిన్నది లైసెన్సున్న చైనా వైద్యుడు నాడి చూసి రాసిన, తనిఖీ ఉన్న ఫ్యాక్టరీలో తయారైన పొడి. మా తమ్ముడు తెచ్చింది బజార్లో సీసా. ఇంకో మాట, ఆ లెక్క జబ్బు రాకముందు సంగతి. చిన్నమ్మకు వేళ్లు వాచి కూర్చున్నాయి, రాకుండా ఆపే మందుతో ఇప్పుడేం పని?

డబ్బాను చదవడం

ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్ ఉంటుంది కదా, డబ్బా మీద పట్టండి. మాకు సగం మాటలు కవిత్వంలా వచ్చాయి, "గాలిని తోలి నదుల్ని తెరుచును" అని. నవ్వొచ్చింది గానీ వాళ్ల వైద్యంలో భాష అదే, మనం "వాతం కమ్మింది" అన్నట్టు. చూడాల్సింది పదార్థాల జాబితా.

డిప్రెషన్‌కు వాళ్లు ఎక్కువగా వాడే పాత యోగం షియావ్ యావ్ సాన్. అందులో ఛాయ్ హు అనే వేరు, డాంగ్ గుయి, తెల్ల పియోనీ వేరు, అల్లం, పుదీనా, అతిమధురం ఉంటాయి. సగం మన వంటింటి సరుకే అనిపిస్తుంది. కానీ అతిమధురం రోజూ ఎక్కువగా పడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది, బీపీ గోలీలు, నీరు పోయే గోలీలు వాడేవాళ్లకు అది గుండె దాకా వెళ్లే ఇబ్బంది. డాంగ్ గుయి రక్తం పలచబడే మందు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చు.

కీళ్ల కోసం వాడేవాటిలో లెయ్ గాంగ్ టెంగ్ అనే తీగ ఉంది, ఉరుముల దేవుడి తీగ అని అర్థం. రుమటాయిడ్ మీద ఇది పనిచేస్తుందని పరీక్షల్లో కూడా తేలింది, అబద్ధమెందుకు. అదే తీగ ఆడవాళ్లలో నెలసరి ఆపేస్తుంది, మగవాళ్లలో వీర్యకణాలు తగ్గిస్తుంది, కాలేయాన్ని, మూత్రపిండాల్ని కొడుతుంది. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు దాని జోలికే పోవద్దు.

అన్నింటికంటే భయపెట్టే కథ బెల్జియంది. 1990ల మొదట్లో బరువు తగ్గడానికి ఒక క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు తిన్న వందమందికి పైగా ఆడవాళ్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చాలామందికి పూర్తిగా పోయాయి. కారణం పేరు పొరపాటు. హాన్ ఫాంగ్ జి అనే వేరు పడాల్సిన చోట గ్వాంగ్ ఫాంగ్ జి పడింది, అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది మూత్రపిండాల్ని కొట్టడమే కాక మూత్రనాళాల్లో కాన్సర్ కూడా తెస్తుంది. తైవాన్ 2003లో ఆ జాతి మూలికల్ని నిషేధించింది. మనకు సంబంధం లేదనుకోకండి, మన ఈశ్వరి వేరు, గాడిదగడప ఆకు అదే జాతి. జాతరలో గోనెపట్టా పరిచి వేర్లు అమ్మేవాళ్ల దగ్గర కొనేటప్పుడు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి.

డబ్బా మీద పదార్థాలు చదవలేకపోయినా, తయారీదారు చిరునామా లేకపోయినా, మన దేశపు లైసెన్స్ నంబర్ లేకపోయినా పక్కన పెట్టేయండి. మన ఆయుష్ కింద ఆయుర్వేదం, యునాని, సిద్ధ, హోమియోపతి, టిబెట్ వైద్యమైన సోవా రిగ్పా ఉన్నాయి, చైనా మూలికల వైద్యం లేదు. అంటే ఆ సీసాలో ఏముందో చూసిన అధికారి ఇక్కడ ఎవరూ లేరు.

అన్నీ ఒక సంచిలో వేయండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన పని, అన్నింటికంటే తక్కువ మంది చేసేది. ఇంట్లో ఉన్న ప్రతి గోలీ, పొడి, లేహ్యం, తైలం, సగం వాడిన స్ట్రిప్పులు, టీవీ మీద పెట్టినవి, దిండు కింద పెట్టినవి, అన్నీ ఒక క్యారీబ్యాగులో వేసి డాక్టర్ టేబుల్ మీద బోర్లించండి. చిన్నమ్మ సంచిలో ఆరు రకాలు తేలాయి. ఎస్సిటాలోప్రామ్, బీపీ గోలీ, గ్యాస్ గోలీ, ఊళ్లో దొరికే డైక్లోఫెనాక్ స్ట్రిప్పు, ఎవరో ఇచ్చిన అశ్వగంధ పొడి, చివరికి కాగితంలో చుట్టిన తెల్లపొడి పొట్లాలు.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులతో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. మా షాపుకు వచ్చి "నొప్పి గోలీ ఒక షీట్ ఇవ్వు" అనేవాళ్లలో పది మందికి తొమ్మిది మంది ఇంకేం వాడుతున్నారో చెప్పరు, మేము అడిగితే విసుక్కుంటారు. మనసు జబ్బుకే రాసే లిథియం అనే మందు వాడేవాళ్లయితే ఇంకా జాగ్రత్త, ఈ నొప్పి గోలీలు రక్తంలో లిథియం మోతాదును పెంచి విషంగా మారుస్తాయి. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా డిప్రెషన్ మందులతో కలిస్తే వణుకు, చెమటలు, గుండెదడ తెచ్చే సెరటోనిన్ ఇబ్బందికి దారి తీస్తుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అని ఆన్‌లైన్‌లో "సహజమైన మనసు మందు" పేరుతో అమ్మే మూలికదీ ఇదే తంతు, మీ గోలీతో కలిపి తినొద్దు.

ఆ తెల్లపొడి పొట్లాల గురించి. "రెండు రోజుల్లో లేచి నడుస్తావు" అని ఇచ్చేవాటిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. నిజంగానే నడుస్తారు, అదే దాని మాయ. నెలలు గడిచేకొద్దీ మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, మనసు కూడా కుదురుగా ఉండదు, డిప్రెషన్ ఉన్నవాళ్లకు అది మరీ చేటు. కానీ వారాల తరబడి తిన్నాక తెలిసిందని ఒక్కసారిగా ఆపేయకండి. ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారీ మానేసి ఉంటుంది, వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం జరుగుతాయి. పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి.

అలాగే మూలిక మొదలుపెడుతున్నాం కదా అని డిప్రెషన్ గోలీ ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, చిరాకు, తర్వాత పాత మనాది మళ్లీ. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు.

పరీక్షలు, డాక్టర్

ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష ఒక్కటే చేయించి "నెగెటివ్, ఏం లేదు" అని ఇంటికొచ్చేవాళ్లను చూస్తుంటాను. జబ్బు ఉన్నా అది నెగెటివ్ రావచ్చు, పెద్దవయసులో జబ్బు లేకుండానే పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు కూడా కలిపి చూస్తారు, అంతకంటే ముందు డాక్టర్ కీళ్లను చేత్తో పట్టి చూడాలి. రుమటాలజిస్ట్, అంటే ఈ కీళ్ల జబ్బుల స్పెషలిస్ట్, దొరికితే మంచిది, దొరక్కపోతే జనరల్ మెడిసిన్ డాక్టర్‌తో మొదలుపెట్టండి, వరంగల్ ఎంజీఎంలోనైనా సరే, పెద్దదనిపిస్తే హైదరాబాద్ నిమ్స్‌కు పంపుతారు. ఆలస్యం మాత్రం చేయొద్దు. మొదటి ఆరు నెలల్లోపు మందు పడితే కీలు వంకర పోకుండా ఆపగలరు, వంకర పోయాక ఏ దేశపు మూలికా నిటారు చేయలేదు.

చిన్నమ్మకు రుమటాయిడ్ అని తేలింది, తిరగబడ్డ రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ రాశారు. ఈ గోలీ వారానికి ఒక్కసారే. మళ్లీ చెబుతున్నాను, రోజుకు కాదు, వారానికి. మామూలు గోలీ అనుకుని రోజూ మింగి నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మేము క్యాలెండర్‌లో ఆదివారాలన్నీ ఎర్రపెన్నుతో చుట్టి, ఆ స్ట్రిప్పును మిగతా గోలీల డబ్బాలో కాకుండా పసుపు కుంకుమల అరలో పెట్టాం. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. ఈ మందు మీద ఉన్నప్పుడు రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించాలి, కల్లు, సారా ఏ తాగుడైనా బంద్. ఇప్పటికే కాలేయం మీద బరువు పెట్టాం కాబట్టి, దాని మీద ఏముందో తెలియని మూలిక వేస్తే, రేపు లివర్ రిపోర్టు తేడా వచ్చినప్పుడు ఏది చేసిందో ఎవరూ చెప్పలేరు.

అయినా మూలిక కావాలంటే

కొందరికి గోలీల మీద నమ్మకం కుదరదు, నేను పోట్లాడను. అప్పుడు దుబాయ్ సీసా వద్దు, చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, దాని ఆసుపత్రి ఉంది. అక్కడ కూడా ఆ క్యారీబ్యాగు బోర్లించాల్సిందే. గుగ్గులు రకాలు షాపులో దొరుకుతాయని సొంతంగా కొనకండి, మహాయోగరాజ గుగ్గులులో లోహ భస్మాలుంటాయి. తిప్పతీగ ఒంట్లో రోగనిరోధక శక్తిని లేపుతుందని పేరు, ఇక్కడ తిరగబడింది ఆ శక్తే కదా. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు. ఎవరిది రైటైనా మెథోట్రెక్సేట్ మీద ఉన్న మనిషితో నేనైతే ఆ ప్రయోగం చేయను. అశ్వగంధ నిద్రమత్తు పెంచుతుంది, థైరాయిడ్ గోలీ వాడేవాళ్లకు లెక్క తప్పిస్తుంది.

ఇద్దరు డాక్టర్లూ సరే అంటే ఒకసారికి ఒకటే మొదలుపెట్టండి. మొదలుపెట్టిన తారీఖు రాసుకోండి, ముందు లివర్ పరీక్ష, మూత్రపిండాల కోసం క్రియాటినిన్ పరీక్ష, కొన్ని వారాలకు మళ్లీ. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, విరేచనం తారులా నల్లగా రావడం, పాదాల వాపు, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు, వీటిలో ఏది కనబడినా ఆ మూలిక ఆపి సీసాతో సహా దవాఖానకు. "మూలిక కదా, ఏం చేస్తుంది" అనే మాట ఆరోజు అనొద్దు.

చిన్నమ్మకు మూడు నెలలు పట్టింది. క్యాలెండర్‌లో "5, 9:30" కాస్తా "5, 7"కు వచ్చి, సంక్రాంతి తర్వాత "5, 5:40" దగ్గర ఆగింది. బీడీలు చుట్టడం తగ్గించమన్నాం, తగ్గించలేదు. ఎర్ర డబ్బా మా షాపు డ్రాయర్‌లో ఉంది, తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ తింటుందా అది" అంటాడు. "తిన్న తిన్న, మంచిగైంది" అని చిన్నమ్మే చెప్పేసింది.